వెట్టి మాన్పినవారికి సన్మానము

విద్యార్థులారా! దాస్యమనగానే అమెరికా ప్రత్తితోటలలో చాకిరిచేసిన ఆఫ్రికా జాతీయులు మీకు జ్ఞప్తికి వత్తురు. లింకను మహాశయునితో ఆ కథ ముగిసినదని తలంతురు. మన పల్లెలలో అది మరియొక రూపమున చిరకాలము నిలిచినది. తండ్రి జబ్బుకో పెండ్లికో ఆసామియొద్ద బదులు తెచ్చును. తీర్చు దారి లేక కొడుకును జీతమునకు పెట్టును. ఆ పిల్లవాడు వేకువనే లేచి పేడతీసి, గొడ్లను తోలుకొనిపోవును. వాని జీతము వడ్డీలో కలిసిపోవును, అసలు అట్లే యుండును. దీనినే వెట్టి యందుము. రాజ్యాంగపు 23వ అధికరణము దీనిని నిషేధించినది. 1976వ సంవత్సరపు చట్టము ఇట్టి అప్పులనే రద్దుచేసినది. అయినను చట్టము తనంతట తాను పల్లెకు నడచి రాదు గదా!

నెల్లూరున జన్మించిన శాంతా సిన్హా గారు హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము బోధించుచు, రంగారెడ్డి జిల్లాలో ఇట్టి బాలురను విడిపింప పూనుకొనిరి. తమ తాతగారగు మామిడిపూడి వెంకటరంగయ్య పంతులుగారి పేరిట 1981లో వెలసిన సంస్థయే వారికి ఆధారము. విడిపించుటకంటె నిలుపుట కష్టము. పదియేండ్ల పిల్లవాడు అయిదేండ్ల వారి నడుమ ఒకటవ తరగతిలో కూర్చుండుటకు సిగ్గుపడి రెండవనాడే పారిపోవును. కావున శిబిరములు పెట్టి, అచ్చటనే అన్నము పెట్టి, చదువు నేర్పి, ఈడుకు తగిన తరగతికి సిద్ధపరచి బడికి పంపిరి. వారి పనులన్నిటిలో దీనినే మేము మిక్కిలి మెచ్చుకొందుము.

బడి వెలుపలనున్న ప్రతి బిడ్డయు కూలియే యని వారి సిద్ధాంతము. ఇది కొందరికి కటువుగా తోచవచ్చును. కాని చెల్లెలిని చంకనెత్తుకొని ఇంట నిలిచిపోయిన బాలికను కూలి యని ఎవరందురు? అందుచేతనే ఆమె ఏ లెక్కలోనికిని రాదు. ఆసాములతో కయ్యము పెట్టుకొనక, వారినే కూర్చుండబెట్టి మాటలాడుటయు వారి పద్ధతియే. పిల్లలను వదలి బడికి తోడ్పడిన ఆసాములును కలరు. 2003లో ఫిలిప్పీన్సు దేశమునందు వీరికి రామన్ మెగసెసే బహుమానము లభించినది. 1957లో విమానప్రమాదమున మరణించిన ఆ దేశాధ్యక్షుని స్మారకమది.

బాధను స్వయముగా ననుభవించినవారికిని గౌరవము దక్కినది. సునీతా కృష్ణన్ గారు చిన్ననాట తమపై జరిగిన దౌర్జన్యమును దాచక లోకమునకు చెప్పిరి. క్రైస్తవ సహోదరుడగు జోస్ వెట్టికాట్టిల్ గారితో కలసి 1996లో హైదరాబాదున ప్రజ్వల సంస్థను స్థాపించిరి. అమ్ముడుపోయిన స్త్రీలను విడిపించుటయు, వారి బిడ్డలకు చదువు చెప్పుటయు ఈ సంస్థ పని. 2016లో భారత ప్రభుత్వము వీరికి పద్మశ్రీ నొసంగినది. మోసపోయినవారే తల వంచుకొనవలెనను మన ఆచారమునకు ఈ బిరుదము చక్కని సమాధానమని మా తలంపు.

వినగడప చుట్టుపట్ల ప్రత్తి, మిరప చేలున్నవి. పంట యేరు దినములలో తరగతిలో ఎవరి చోటు ఖాళీగా నుండునో విద్యార్థులకే ముందు తెలియును. ఆ పేరు ఉపాధ్యాయునకు చెప్పుడు. 1098 సంఖ్యకు టెలిఫోను చేసినను సహాయము దొరకును, రుసుము లేదు. తల్లిదండ్రులారా! అప్పు క్రింద బిడ్డను ఒప్పగించిన ఒడంబడిక చెల్లదు. అట్టి బాకీని వసూలుచేయ జూచువాడే శిక్షార్హుడు. కలెక్టరుగారికి అర్జీ పెట్టుకొనవచ్చును. వ్రాయుట రానివారికి మన పై తరగతి విద్యార్థులు వ్రాసిపెట్టగలరు.