పౌరసత్వం – ఒక కవచం

పౌరసత్వమంటే ఓటూ, పాస్‌పోర్టూ అంతే అనుకునేవాణ్ణి. రావుల్ వాలెన్‌బర్గ్ సంగతి చదివాక అభిప్రాయం మారింది.

1944లో హంగరీ యూదులను నాజీలు చావు శిబిరాలకు తరలిస్తుంటే, ఈ స్వీడన్ దౌత్యవేత్త బుడాపెస్ట్‌లో వేలాదిమందికి స్వీడిష్ రక్షణపత్రాలిచ్చాడు. చట్టరీత్యా వాటి బలం అంతంతమాత్రమే. అయినా ఆ రాజముద్ర చాలామంది ప్రాణాలు నిలిపింది.

1945 జనవరిలో సోవియట్ సైన్యం ఆయన్నే పట్టుకుపోయింది. ఆయన కాపాడినవారిలో ఒకడైన టామ్ లాంటోస్, అమెరికా కాంగ్రెసు సభ్యుడై, 1981లో వాలెన్‌బర్గ్‌కి గౌరవ పౌరసత్వమిచ్చే చట్టం తెచ్చాడు. ఎందుకంటారా? పరాయివాడి గురించి అడిగితే "మీకేం సంబంధం?" అంటారు. తన పౌరుడి గురించి అడగడం రాజ్యానికి హక్కు. దీన్నే దౌత్యరక్షణ అంటారు.

వాలెన్‌బర్గ్ తిరిగి రాలేదు. 2016లో స్వీడన్ ఆయన మరణించినట్లు ప్రకటించింది. కాగితం ఒక్కటే ఎవర్నీ కాపాడదు మిత్రులారా! దాని వెనక నిలబడి అడిగేవాడొకడుండాలి.