నెట్ పదేపదే తెగిపోతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. వేసవైతే మనూళ్లో అప్పుడు సాయంత్రం ఐదున్నర, చలికాలమైతే ఆరున్నర. వారమంతా ఎదురుచూసిన అమ్మ వీడియో కాల్‌లోకి వస్తుంది. రెండు మాటలయ్యేసరికి బొమ్మ స్టక్ అయిపోతుంది. "వినిపిస్తోందా నాన్నా?" అన్న మాట కూడా సగంలోనే తెగిపోతుంది. కంప్యూటర్‌లో చూస్తే వైఫై గీతలు మాత్రం నిండుగానే ఉంటాయి.

జార్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో చదవడానికి వచ్చి డుడ్‌వైలర్‌లోనో, సాంక్ట్ యోహాన్‌లోనో గది తీసుకున్నవాళ్లకు ఇలాంటప్పుడు కొత్త రౌటర్ కొనేద్దామనిపిస్తుంది. ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. నాడి చూశాకే మందు వేయాలి.

నెట్ మీ దాకా రెండు అంచెల్లో వస్తుంది. వీధి నుంచి గోడ సాకెట్ గుండా రౌటర్ వరకు తీగ మీద, రౌటర్ నుంచి కంప్యూటర్ వరకు గాలిలో. ఏ అంచెలో తెగుతోందో తేలితే సగం పని అయినట్టే.

కావలసినవి: ఒక లాన్ కేబుల్, కాగితం, పెన్ను, తీరికగా ఒక గంట. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఏం మార్చారో, ఏమైందో టైముతో సహా రాసుకోండి.

1. ఫోన్‌తో పోల్చండి

కంప్యూటర్ ఉన్న చోటే ఫోన్ పెట్టి, మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫై మీద వీడియో చూడండి. ఫోన్‌లో బాగా వచ్చి కంప్యూటర్‌లోనే ఆగుతుంటే నేరుగా 6వ మెట్టుకు వెళ్లండి. రెండింట్లోనూ ఆగుతుంటే తర్వాతి మెట్టు ఎక్కండి.

2. కేబుల్ పెట్టి చూడండి

కంప్యూటర్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వైఫై ఆపేయండి. పావుగంట కాల్ మాట్లాడండి. కేబుల్ మీద నిలకడగా ఉంటే లోపం గాలి అంచెలో ఉంది. కేబుల్ మీద కూడా తెగితే రౌటర్‌లోనో, బయటి లైన్‌లోనో ఉంది. అప్పుడు రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. తగ్గకపోతే 7వ మెట్టు చూడండి.

3. పింగ్‌తో రుజువు చేసుకోండి

మళ్లీ వైఫైకి మారండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను రెండు కిటికీలుగా తెరవండి. మొదటిదాంట్లో పింగ్ కమాండ్‌కు రౌటర్ అడ్రస్ ఇవ్వండి. ఫ్రిట్జ్‌బాక్స్‌లకు మామూలుగా అది 192.168.178.1, స్పీడ్‌పోర్ట్‌లకు 192.168.2.1. రెండోదాంట్లో బయటి నెట్‌లో ఉండే 8.8.8.8 ఇవ్వండి. అడ్రస్ తర్వాత ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, చిన్న టీ అక్షరం కొడితే మీరు ఆపేదాకా పింగ్ నడుస్తూనే ఉంటుంది. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది.

రౌటర్ నుంచే జవాబులు ఆగిపోతే తప్పు ఇంటి వైఫైది. రౌటర్ చక్కగా జవాబిస్తూ 8.8.8.8 మాత్రమే ఆగితే తప్పు బయటిది.

4. రౌటర్‌ను వెలుతురులోకి తెండి

ఫోన్ సాకెట్ నడవాలో ఉందని రౌటర్‌ను చెప్పుల బీరువాలో దాచకండి. ఇక్కడి పాత ఇళ్ల మందపాటి గోడలు, ఇనుప ఊచలున్న కాంక్రీటు, పెద్ద అద్దాలు, గోడకున్న హీటర్లు సిగ్నల్‌ను మింగేస్తాయి. రౌటర్‌ను నేల మీద కాకుండా ఛాతీ ఎత్తులో, బయటికి కనిపించేలా పెట్టండి. గోడలు మరీ అడ్డమైతే రిపీటర్ వాడొచ్చు. దాన్ని సిగ్నల్ చచ్చిన చోట కాదు, సిగ్నల్ ఇంకా బాగున్న సగం దారిలో పెట్టాలి.

5. బ్యాండ్, చానెల్ మార్చండి

2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ ఆ దారిలో రద్దీ ఎక్కువ. బ్లూటూత్, మైక్రోవేవ్, పక్క ఫ్లాట్ల రౌటర్లు అన్నీ అక్కడే ఉంటాయి. జర్మనీలో దానికి 13 చానెళ్లున్నా అవి ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. 1, 6, 11లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి.

కంప్యూటర్ రౌటర్‌కు దగ్గర్లో ఉంటే 5 గిగాహెర్ట్జే మేలు. అయితే అందులో 52 నుంచి 140 వరకు ఉన్న చానెళ్లను రాడార్లు కూడా వాడతాయి. రాడార్ జాడ తగిలితే రౌటర్ ఆ చానెల్‌ను వదిలేయాలన్నది నిబంధన. అలాంటి మరో చానెల్‌కు మారాలంటే ముందు కనీసం ఒక నిమిషం విని చూడాలి. ఇంట్లో అందరి 5 గిగాహెర్ట్జ్ కనెక్షన్ ఒక్కసారిగా నిమిషంపాటు మాయమవుతుంటే కారణం ఇదే కావచ్చు. 36 నుంచి 48 లోపు చానెల్ పెడితే ఈ బాధ ఉండదు.

6. కంప్యూటర్‌ను చూడండి

వైఫై డ్రైవర్ అప్‌డేట్ చేయండి. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం అడాప్టర్‌ను ఆపేయమనే టిక్కు తీసేయండి. ఆ నెట్‌వర్క్‌ను ఫర్‌గెట్ చేసి పాస్‌వర్డ్ మళ్లీ కొట్టండి.

పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కు ఉంటే కాసేపు తీసి చూడండి. దాని నుంచి వచ్చే రేడియో అలజడి 2.4 గిగాహెర్ట్జ్‌ను చెడగొడుతుందని ఇంటెల్ 2012లోనే చూపించింది.

7. లోపం బయటిదైతే హక్కుగా అడగండి

నెట్ కంపెనీకి ఫోన్ చేసి "ష్టోరుంగ్" అనండి. జర్మన్ రాకపోయినా ఆ ఒక్క మాట చాలు, సర్వీసులో అంతరాయమని వాళ్లకు అర్థమవుతుంది. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.

నెట్ పూర్తిగా పోయి, ఫిర్యాదు అందాక రెండు రోజుల్లో బాగుచేయకపోతే మూడో రోజు నుంచి పరిహారం అడగొచ్చు. మూడు, నాలుగు రోజులకు రోజుకు 5 యూరోలు లేదా నెల బిల్లులో 10 శాతం, ఏది ఎక్కువైతే అది.

ఒప్పందంలో చెప్పిన స్పీడ్ రాకపోతే బిల్లు తగ్గించమనే హక్కు 2021 డిసెంబర్ 1 నుంచి ఉంది. అందుకు ప్రభుత్వ సంస్థ బుండెస్‌నెట్స్‌అగెంటూర్ ఇచ్చే బ్రైట్‌బాండ్‌మెస్సుంగ్ యాప్‌తో మూడు వేర్వేరు రోజుల్లో మొత్తం 30 సార్లు కొలవాలి. కొలత లాన్ కేబుల్ మీదే జరగాలి, వైఫై మీద కొలిస్తే చెల్లదు.

నెట్ కుదుటపడ్డాక ఆ కాగితం పారేయకండి. ఏ చానెల్ పెట్టారో, ఫిర్యాదు నంబరు ఎంతో అన్నీ దాని మీదే ఉన్నాయి. రౌటర్ పక్కనే అతికించండి. రేపు మీరు గది ఖాళీ చేశాక, దేశం కొత్త, భాష కొత్త అయిన మరో పిల్లో పిల్లవాడో ఆ గదికి వస్తారు. వాళ్లమ్మ కూడా ఆదివారం ఫోన్ చేస్తుంది.