వెబ్‌సైటు తెరపై మూడంకెల జవాబు

ఇటీవల మేమొక గ్రామమునకు వెళ్ళినపుడు, అచ్చటి సేవాకేంద్రములో ఒక పెద్దవయసు రైతు అందు పనిచేయు కుర్రవానితో వాదించుచుండెను. మనుమరాలి చదువు నిమిత్తము ఆదాయ ధ్రువపత్రము కావలసియున్నది. ముందటి దినముననే దరఖాస్తు నింపి, సెల్‌ఫోను ద్వారా రుసుము చెల్లించిరి. చెల్లించిన మరుక్షణమున తెరపై 504 అను అంకె కనబడినది. "సర్వర్ డౌన్ బాబాయ్, రేపు రండి" అని కుర్రవాడు పంపివేసెను. మరునాడు వచ్చినపుడు రుసుము మరల చెల్లింపవలెనని చెప్పెను. "నిన్న కట్టిన డబ్బు ఏమైనట్టు బాబూ?" అని రైతు అడుగుచుండెను. ఆ ప్రశ్నకు సగము సమాధానము ఆ అంకెలోనే ఉన్నది. కాని ఇద్దరిలో ఎవరికిని దానిని చదువుట తెలియదు.

పింఛనులు, పంట నమోదు, భూమి పత్రములు, పరీక్షా ఫలితములు, ఇవన్నియు నేడు వెబ్‌సైటుల ద్వారా గ్రామములకు అందుచున్నవి. కనుక ఈ అంకెల భాష కొంతయైనను తెలిసికొనుట గ్రామస్థులకు అవసరము. ఇది కష్టమైన విద్య కాదు.

వెబ్‌సైటు అనునది ఎక్కడో ఒక భవనములో రాత్రింబవళ్ళు నడచు యంత్రములలో ఉండును. అడిగినవారికి అడిగిన సమాచారము అందించు ఆ యంత్రమునకు సర్వరు అని పేరు. మన ఫోనులో వెబ్‌సైటును తెరచి చూపు సాధనము బ్రౌజరు. మనము ఒక లింకును నొక్కగనే, ఫలానా పేజీ పంపవలసినదని బ్రౌజరు ఆ సర్వరునకు ఒక చిన్న అర్జీ పంపును. సర్వరు తన జవాబు మొదటనే మూడంకెల సంఖ్య నొకదానిని వేయును. పని సక్రమముగ జరిగినపుడును సంఖ్య ఉండును; అది సాధారణముగ 200. అయితే కోరిన పేజీయే వచ్చినది గనుక బ్రౌజరు ఆ సంఖ్యను మనకు చూపదు. పని చెడినపుడే సంఖ్య కంటబడును. అందుచేత అంకె కనబడుటయే కీడని జనులు తలచుచున్నారు. నిజమునకు సర్వరు మౌనముగ ఉండక కారణము తెలుపుచున్నదని గ్రహింపవలెను.

ఈ పద్ధతి వెబ్ కంటె పాతది. ఫైళ్ళు పంపుటకును, ఈ-మెయిలు పంపుటకును ఏర్పడిన నియమములలో మూడంకెల జవాబులు అంతకు పూర్వమే ఉండెను. జెనీవా సమీపమున ఉన్న సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచు 1989లో వెబ్‌ను ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్-లీ ఆ మార్గమునే అనుసరించెను. 1996 మే నెలలో వెలువడిన నియమపత్రములో 404, 500, 503 మొదలగునవి నేటి అర్థములతోనే కనబడుచున్నవి. ఆ నియమములను 2022 జూనులో తిరిగి క్రోడీకరించి ప్రకటించిరి.

మూడంకెలలో మొదటిది ముఖ్యము. 2తో మొదలైన పని జరిగినది. 3తో మొదలైన మీరు కోరినది మరియొక చోటికి మారినదని అర్థము. ఇల్లు మారినవారి ఉత్తరమును కొత్త చిరునామాకు పంపినట్లు బ్రౌజరే మనలను అచ్చటికి చేర్చును. 1తో మొదలగునవి యంత్రముల నడుమ మాటలు, వానితో మనకు పనిలేదు. మనము తెలిసికొనవలసినవి 4, 5 అను రెండే. 4తో మొదలైన, అర్జీలోనే లోపమున్నదని సర్వరు చెప్పుచున్నది. 5తో మొదలైన, అర్జీ చేరినది గాని లోపము తనవైపే ఉన్నదని ఒప్పుకొనుచున్నది.

404 అందరెరిగినదే. ఆ చిరునామాలో ఏ పేజీయు లేదని దాని భావము. చిరునామాదారు లేడని వ్రాసి తపాలావారు తిప్పిపంపిన ఉత్తరము వంటిది. చిరునామాలో ఒక్క అక్షరము తప్పినను ఇది వచ్చును. అయితే 4తో మొదలైనంత మాత్రమున తప్పెల్లప్పుడు అర్జీదారునిదే అనుట న్యాయము కాదు. వెబ్‌సైటును కొత్తగ తీర్చిదిద్దినపుడు పాత పేజీలను తొలగించి, కొత్త చోటికి దారి చూపని నిర్వాహకులు కలరు. గోడపత్రికపై అచ్చువేసిన లింకును నమ్మి వచ్చిన మనుష్యునకు 404 ఎదురైనచో, ఆ దోషము అచ్చువేసినవారిది. ప్రచారశాఖవారమైన మాకును ఈ మాట వర్తించును.

401 అనగా మీరెవరో ముందు నిరూపింపుడని అర్థము. 403 అనగా మీ కోరిక అర్థమైనది గాని అనుమతి లేదని. ఓ.టి.పి. కొరకు చాలసేపు వేచియుండి, ఆ లోపల లాగిన్ గడువు తీరినచో ఇట్టి జవాబులు రావచ్చును. మరల లాగిన్ అయిన చాలును. 429 అనునది 2012లో చేరినది. ఒకే చోటినుండి అతిగా అర్జీలు వచ్చుచున్నవి, కొంత ఆగుడని దాని భావము. ఫలితముల దినమున పిల్లలు తెరను ఆపకుండ నొక్కుచుందురు. ఆ నొక్కుడు ప్రతిదియు ఒక కొత్త అర్జీయే. వరుసలో నిలిచినవాడు క్షణక్షణమునకు వెనుకకు పోయి తిరిగి చేరినట్లగును.

ఇక 5తో మొదలగునవి. 500 వచ్చిన సర్వరులోని ప్రోగ్రామే తడబడినదని తెలియవలెను. దానిని వ్రాసినవారే సవరింపవలెను. 503 వచ్చిన సర్వరునకు తట్టుకొనలేనంత రద్దీ కలిగినదనియో, మరమ్మతుకై ఆపిరనియో అర్థము. ఎంతసేపటికి తిరిగి రావచ్చునో కూడ ఈ జవాబుతో తెలుపుటకు నియమములలో వీలున్నది. ఆ వీలును వాడుకొనువారు మాత్రము తక్కువ.

502, 504 అనువానిని తెలిసికొనుటకు కచేరీని తలచుకొనవలెను. కిటికీ వద్ద గుమాస్తా అర్జీ తీసికొనును. కాగితములు లోపలి రికార్డు గదిలో ఉండును. పెద్ద వెబ్‌సైటులలోను ఇట్లే ముందొక సర్వరు, దాని వెనుక మరికొన్ని సర్వరులు ఉండును. లోపలినుండి అర్థము కాని జవాబు వచ్చినచో ముందున్న సర్వరు 502 అని చెప్పును. నియమిత సమయములో ఏ జవాబును రానిచో 504 అని చెప్పును. ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. 504 అనగా పని జరుగలేదని అర్థము కాదు. లోపలి గదిలో కాగితముపై ముద్ర పడియుండవచ్చును. ఆ కబురు కిటికీకి చేరలేదు, అంతే.

రద్దీవలన వెబ్‌సైటులు తడబడుట ధనిక దేశములలోను జరిగినది. అమెరికాలో ఆరోగ్య బీమా కొరకు ప్రభుత్వము 2013 అక్టోబరు 1న ప్రారంభించిన వెబ్‌సైటునకు లక్షల సంఖ్యలో జనులు వచ్చిరి. తొలి దినమున నమోదు పూర్తిచేయగలిగినవారు ఆరుగురే. కారణము రద్దీ ఒక్కటియే కాదు. అన్ని భాగములను కలిపి చాలినంతగ పరీక్షింపకయే తెరచిరి. మన దేశములో 2021 ఏప్రిల్ 28న సాయంకాలము 4 గంటలకు, 18 ఏండ్లు నిండినవారికి కోవిడ్ టీకా నమోదు కోవిన్‌లో తెరచినపుడు, తొలి నిమిషములలో పేజీ తెరచుకొనలేదనియు, ఓ.టి.పి. రాలేదనియు అనేకులు ఫిర్యాదు చేసిరి. అయినను ఆ దినముననే కోటికి పైగా జనులు నమోదైరి. కొంతసేపు ఆగి ప్రయత్నించినవారికి పని జరిగినది.

కొన్ని వేళల తెరపై అంకెయే ఉండదు. ఇంటర్నెట్ లేదనియో, సర్వరు దొరకలేదనియో మాటలు మాత్రముండును. అప్పుడు మన అర్జీ గమ్యము చేరియే ఉండకపోవచ్చును. ముందుగ సిగ్నలును, డేటాను చూచుకొనవలెను. కేంద్రములవారు వీటన్నిటిని కలిపి "సర్వర్ డౌన్" అనుట అలవాటైనది. కాని 404కు రేపు రమ్మనుట వ్యర్థము, రేపును పేజీ ఉండదు. 503కు దరఖాస్తును దిద్దుటయు వ్యర్థమే.

డబ్బు కట్టినపుడు 5తో మొదలగు అంకె వచ్చినచో తెరను ఫోటో తీసి, వేళ వ్రాసియుంచుకొని, బ్యాంకునుండి వచ్చిన సందేశములోని లావాదేవీ సంఖ్యను భద్రపరచవలెను. దరఖాస్తు నమోదైనదో లేదో చూడనిదే రెండవసారి చెల్లింపరాదు. యు.పి.ఐ. ద్వారా చెల్లించిన సొమ్ము మన ఖాతానుండి పోయి, పుచ్చుకొనవలసినవారికి ధ్రువీకరణ చేరనిచో, లావాదేవీ నాటినుండి 5 దినములలోగా అది దానంతటదియే తిరిగి జమ కావలెనని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చేసినది. ఆ పైన ఆలస్యమైన ప్రతి దినమునకు 100 రూపాయల పరిహారమును నిర్ణయించినది.

ఆ రైతు ఫోనులో బ్యాంకు సందేశము పదిలముగనే ఉండెను. మేము కోరగా కుర్రవాడు కొత్త దరఖాస్తును మూసివేసి, ఆధార్ సంఖ్యతో పాత దరఖాస్తుల జాబితాను తెరచెను. ముందటి దినపు తేదీతో దరఖాస్తు నమోదై, రుసుము చెల్లినట్లు అందులో కనబడినది. రసీదు అచ్చు తీసి యిచ్చుచు, "నిన్ననే చూడవలసింది బాబాయ్, తట్టలేదు" అని కుర్రవాడనెను. రైతు ఆ రసీదును మడిచి జేబులో పెట్టుకొని, పత్రము ఎన్నాళ్ళకు వచ్చునో అడుగుచు అచ్చటనే కూర్చుండెను.