రాత్రివేళ చంటిబిడ్డ కడుపులో గాలి చేరితే

కాన్పయి ఇంటికి వెళ్ళిన తల్లులు రెండు మూడు వారాల్లో తిరిగి వచ్చి మాతో చెప్పే మాట దాదాపు ఒకటే. "సిస్టరుగారూ, పగలంతా బాగానే ఉంటాడు. రాత్రయ్యేసరికి కాళ్ళు ముడుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని ఒకటే ఏడుపు." అప్పుడు మేము ముందుగా బిడ్డ బరువు చూస్తాము. బరువు పెరుగుతూ, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, పాలు చక్కగా తాగుతుంటే సాధారణంగా భయపడవలసినది ఏమీ ఉండదు. ఈ ఏడుపు ఆరవ వారానికి బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గిపోతుంది.

బిడ్డ పాలతోపాటు గాలి మింగుతాడు. ఏడ్చేటప్పుడు కూడా మింగుతాడు. గనుక గాలి వలన ఏడుపా, ఏడుపు వలన గాలా అన్నది చెప్పడం మాకూ కష్టమే. అందుకే బిడ్డ ఏడుపు అందుకోకముందే, చేతులు నోట్లో పెట్టుకుంటూ తల అటూఇటూ తిప్పి వెదుకుతున్నప్పుడే పాలు పట్టండి. చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లని భాగము కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. తాగేటప్పుడు టక్ టక్‌మని చప్పుడు వస్తుంటే గాలి పోతున్నట్టే. చిటికెన వేలు పెదవి మూలలో పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి.

రాత్రిపూట నిద్రమత్తులో పాలిచ్చి అలాగే పడుకోబెట్టేస్తారు. బాలింత అలసట మాకు తెలుసు, తప్పు పట్టడం లేదు. కాని ఒక రొమ్ము అయ్యాక ఒకసారి, చివర ఒకసారి త్రేన్పు తెప్పించండి. భుజం మీద తువ్వాలు వేసుకుని, బిడ్డ గడ్డం దానిమీద ఆనేలా నిలువుగా ఎత్తుకుని, వీపు మెల్లగా తట్టండి లేదా కింది నుండి పైకి నిమరండి. గట్టిగా చరచనక్కరలేదు. ఒడిలో కూర్చోబెట్టి, ఒక చేత్తో ఛాతీని, దవడను ఆపుకుని కొంచెం ముందుకు వంచినా వస్తుంది. గొంతు మాత్రం నొక్కకూడదు. పది నిమిషాలు చూసినా రాకపోతే వదిలేయండి. ప్రతిసారీ రావాలని నియమం లేదు. త్రేన్పుతో కాసిని పాలు కక్కితే అది వాంతి కాదు.

ఇంకా ఏడుస్తుంటే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళను పొట్ట వైపు మెల్లగా మడిచి చాపండి, సైకిలు తొక్కినట్టు. వెచ్చని అరచేత్తో బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపున నిమరండి. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని నడిస్తే కొందరు పిల్లలు ఊరుకుంటారు. అది మేలుకుని ఉన్నంతసేపే. నిద్రపోతే వెల్లకిలానే పడుకోబెట్టాలి.

ఇక ఉగ్గుగిన్నె సంగతి. అమ్మమ్మలు, నానమ్మలు నొచ్చుకోవద్దు, వారి ప్రేమను మేము శంకించడం లేదు. అయినా వస కొమ్ము అరగదీసి నాకించడం, వాము నీళ్ళు, తేనె, ఆముదం వద్దు. ఆముదం పొరబోతే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తేనె ఏడాది నిండేవరకు పనికిరాదు. గ్రైప్‌వాటరును 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేశాడు. తొలి రోజుల్లో దానిలో ఆల్కహాలు, చక్కెర ఉండేవి. బిడ్డ ఊరుకున్నదంటే ఆశ్చర్యమేముంది! ఇప్పటి సీసాల్లో ఆల్కహాలు లేకపోయినా, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మరేదీ అవసరం లేదు. మందుల షాపులో అడిగి కడుపునొప్పి చుక్కలు తెచ్చి వేయడం అంతకంటే ప్రమాదం. డైసైక్లోమిన్ ఉన్న మందు ఆరు నెలల లోపు పిల్లలకు ఊపిరి ఆగేలా చేయగలదు. పొట్ట మీద వాతలు పెట్టడం గురించి వేరే చెప్పాలా?

బాలింతకు పప్పు, కూరగాయలు మాన్పించడం కూడా అనవసరం. ఆమె కడుపులోని గాలి పాలలోకి రాదు.

ఎంత చేసినా ఏడుపు ఆగని రాత్రులు ఉంటాయి. అప్పుడు తల్లికి కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది. బిడ్డను మరొకరి చేతికి ఇవ్వండి. నాన్న భుజం మీద కూడా త్రేన్పు వస్తుంది! ఎవరూ లేకపోతే మంచం మీద కాకుండా, కిందపడని చోట వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు బయట నిలబడి రండి. కోపంలో ఒక్కసారి కూడా బిడ్డను పట్టుకుని కుదపవద్దు, మెదడులో రక్తస్రావం అవుతుంది.

గాలి అని ఇంట్లో ఉంచుకోకూడనివి కొన్ని ఉన్నాయి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా ఆపైన ఉన్నా, ఒళ్ళు చల్లబడినా, పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, పొట్ట బిగిసి గట్టిపడినా, విరేచనంలో రక్తం కనిపించినా, ఆకుపచ్చగా కక్కినా వెంటనే రండి. రాత్రి ఎన్ని గంటలైనా సరే, బండి దొరకకపోతే 108కి ఫోను చేయండి.

ఒకసారి ఒక తల్లి తెల్లవారుజామున బిడ్డతోపాటు, బిడ్డ కక్కిన గుడ్డను కూడా మడిచి తెచ్చింది. ఇంట్లో అందరూ గాలే అన్నారట. ఆ గుడ్డ మీద పచ్చని మరక చూడగానే డాక్టరుగారు పేగు మెలిపడి ఉంటుందని అనుమానించి పెద్దాసుపత్రికి పంపారు. అదే రోజు ఆపరేషను జరిగి బిడ్డ బ్రతికాడు. మీరూ ఆ గుడ్డను ఉతికేయకుండా తీసుకురండి.