ఛాయాచిత్రము - అక్షరము - స్మరణ

జగిత్యాల జిల్లాలోని ధర్మపురి క్షేత్రమున గోదావరి దక్షిణవాహినియై ప్రవహించుచున్నది. శ్రీ యోగలక్ష్మీనరసింహస్వామి సన్నిధికి వచ్చు యాత్రికులు ముందుగా ఆ నదిలో స్నానమాడుదురు. అనేకులు పితృతర్పణములు విడుతురు. 2015 జూలై పుష్కరములలో ఆ రేవులందు తీసికొనిన ఛాయాచిత్రములకు లెక్కలేదు. చిత్రములు భద్రముగనే యుండవచ్చును. వానిలోని పెద్దల జ్ఞాపకము అంత భద్రముగ నున్నదా?

ఛాయాచిత్రము రూపమును చూపును గాని పేరు చెప్పదు. గోడమీది పటములోని ముత్తవ్వ ఎవరని పిల్లవాడు అడిగినపుడు చెప్పగల పెద్దదిక్కు ఇంట లేకున్నచో, ఆ పటము అపరిచితురాలి పటమే యగును. తర్పణవిధి రూపము నడుగదు. గోత్రమును, నామమును అడుగును. తండ్రి, తాత, ముత్తాత యని మూడు తరములవారిని పేరుపేరున తలచి తిలోదకము విడువవలెను. పేరు తెలియనిచో, పటమెంత పెద్దదైనను అక్కడ నోరు తడబడును.

అట్లని అక్షరమును మాత్రమే నమ్మి యుండవచ్చునా? ధర్మపురి వాసియైన శేషప్పకవి నరసింహ శతకమును రచించెను. ఆయన జీవిత విశేషములు మిక్కిలి స్వల్పముగా దొరకుచున్నవి. అయినను ప్రతి పద్యము చివర మకుటమున ధర్మపుర నివాసుని పిలుచుటచే, ఈ క్షేత్రమును కన్నుల చూడనివారి నోటను దీని పేరు నిలిచినది. ఆ పద్యములు వ్రాతలో నున్నందున మాత్రమే నిలువలేదు. బడిలోను, ఇంటిలోను పిల్లలు వల్లె వేసినందున నిలిచినవి. చదువరి లేని పుస్తకము పేరులేని పటము వంటిదే.

ఆ కవి తన జ్ఞాపకమునే నమ్ముకొనలేదు. మరణకాలమున కఫవాతపైత్యములు క్రమ్మినపుడు స్వామి నామము నాలుకపైకి వచ్చునో రాదో యని శంకించి, నాటి భజనను నేడే చేయుటకు పూనుకొనెను. స్వామి ఆలయ ప్రాంగణముననే యమధర్మరాజునకు ప్రత్యేక సన్నిధి గల క్షేత్రమున ఈ శంక కలుగుట సహజమే.

కావున ఛాయాచిత్రము, అక్షరము జ్ఞాపకమునకు ఊతలు. దానిని నడిపించునది స్మరణ. ఎరిగిన పెద్దలు ఇంట నుండగనే పటము వెనుక పేరు, గోత్రము, సంవత్సరము వ్రాయించుకొనవలెను. ఫోనులోని చిత్రములకు ఒక పుస్తకమున ఆ వివరములు వ్రాసి యుంచవలెను. వానిని పండుగనాడో, తద్దినమునాడో పిల్లలచేత పలికింపవలెను. పండ్రెండేండ్లకొకమారు పుష్కరములు తిరిగి వచ్చును. ఆనాడు గోదావరి నీట నిలిచిన బిడ్డ నోట పెద్దల పేర్లు తడబాటు లేక వెలువడునట్లు చూచుట నేటి గృహస్థుని విధి.