చెత్త పాఠం ఇంట్లోనే

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. బడిలో పర్యావరణం మీద బొమ్మ వేసి బహుమతి తెచ్చుకున్నాడు. ఇంట్లో మాత్రం చాక్లెట్ రేపర్లు సోఫా కిందే! ఎలా నేర్పాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: బహుమతి బొమ్మకి వచ్చిందమ్మా, అలవాటుకి కాదు. ఉపన్యాసం మానేసి పని అప్పగించండి. తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో పడుతోందో లేదో చూసే పెద్దరికం వాడిదే. నాన్న తప్పు చేసినా అడగనివ్వండి. పగిలిన గాజు, బ్లేళ్లు, పాత బ్యాటరీలు, వాడిన ప్యాడ్లు మాత్రం పెద్దవాళ్ల పని.

ఒక కుండీ మట్టిలో అరటి తొక్క, న్యూస్‌పేపర్ ముక్క, ఆ చాక్లెట్ రేపరే ఒకటి వాడి చేత పాతిపెట్టించండి. తడి ఆరనివ్వకండి. రెండు నెలలు పోయాక తవ్వించండి. తొక్క జాడ ఉండదు, పేపరు చివికిపోయి ఉంటుంది. రేపరు కడిగితే మళ్లీ పేరు చదవొచ్చు. ఆ పలచటి ప్లాస్టిక్ పొర మట్టిలోని సూక్ష్మజీవులకు లొంగదని అప్పుడు చెప్పండి. మీరు చెప్పేలోపే అడుగుతాడనుకోండి. ఆసక్తి పుడితే, అడుగున చిల్లులున్న కుండలో కూరగాయల తొక్కలు, వాటిపైన ఎండుటాకులు వేయిస్తూ ఎరువు చేయించండి. కంపు కొడితే తడి ఎక్కువైందన్నమాట. ఇంకాసిని ఆకులు కలపాలి.

చెత్తబండి వచ్చినప్పుడు బుట్టలు వాడి చేతే ఇప్పించండి. బండిలో రెండూ కలిపేస్తే ‘మరెందుకు వేరు చేశాం?’ అని నిలదీస్తాడు. సర్దిచెప్పకండి. మున్సిపల్ కార్యాలయానికి వాడి చేతిరాతతోనే ఫిర్యాదు రాయించండి.