పాత స్పీడ్ కంట్రోలర్‌ను దారికి తెచ్చుకోవడం

ప్రశ్న: మా అన్నయ్య పాత రిమోట్ కారు బయటికి తీశాను. బ్రష్ మోటార్, రెండు చిన్న స్క్రూలున్న స్పీడ్ కంట్రోలర్. ట్రిగ్గర్ వదిలేసినా చక్రాలు మెల్లగా తిరుగుతున్నాయి. లైపో బ్యాటరీ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: చాలావరకు ఇది న్యూట్రల్ కుదరకపోవడమే. కంట్రోలర్‌ను అప్పుడే పారేయకండి. కారును డబ్బా మీద ఎత్తి చక్రాలు గాల్లో ఉంచండి. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేశాకే కారు స్విచ్ వేయాలి, ట్రిమ్ మధ్యలో ఉండాలి. న్యూట్రల్ స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, మోటార్ పూర్తిగా ఆగిన చోట వదిలేయండి. ట్రిగ్గర్ మొత్తం నొక్కి రెండో స్క్రూతో పూర్తి వేగం కుదర్చండి. ఆపైన న్యూట్రల్ మళ్లీ చూడాలి, కాస్త జరిగి ఉండొచ్చు.

లైపో విషయంలో నా మాట: వద్దు. రెండు సెల్స్ ప్యాక్ నిండితే 8.4 వోల్టులు, నిండుగా చార్జయిన ఆరు సెల్స్ నికెల్ ప్యాక్ కూడా ఇంచుమించు అంతే ఇస్తుంది. కాబట్టి ప్రమాదం వోల్టేజీ వల్ల కాదు. సెల్ 3 వోల్టులకు దిగినప్పుడు మోటార్‌ను ఆపే ఏర్పాటు ఆ పాత కంట్రోలర్లలో లేదు. కారు నడుస్తూనే ఉంటుంది, బ్యాటరీ చస్తుంది. 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకే కొనండి. ప్లస్, మైనస్ తారుమారైతే కంట్రోలర్ క్షణంలో కాలిపోవచ్చు. తీగలు రెండుసార్లు చూసుకోండి.

మోటార్‌కు 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు మూడు ఉన్నాయా? లేకుంటే బ్రష్‌ల నిప్పురవ్వల వల్ల రిసీవర్ తికమకపడుతుంది. కోఠిలో చవగ్గా దొరుకుతాయి. రివర్స్ ఉన్న కంట్రోలరైతే మోటార్‌కు షాట్కీ డయోడ్ మాత్రం ఉండకూడదు, ఉంటే తీసేయండి.